'కానీ' దగ్గర తెగిన లైను

వాళ్ళ డాబా మీద లేచిన కడ్డీ వీధిలో అందరి ఫోన్ల సిగ్నలూ తాగేస్తోందని ఎదురింటి టైలరమ్మ అన్నదట. అన్నది కిరాణా కొట్టాయన భార్యతో. ఆవిడ పాపం వీధిలో ఎవరికీ చెప్పలేదు, ఇంటికి వెళ్ళి మొగుడికి మాత్రం చెప్పింది. ఆయన కొట్లో కూర్చుని సబ్బు కొనడానికి వచ్చినవాళ్ళకీ, ఏమీ కొనకుండా ఊరికే వచ్చినవాళ్ళకీ చెప్పాడు. అగ్గిపెట్టె కోసం వెళ్ళిన ఆ డాబా ఇంటి అత్తగారి చెవిన పడేసరికి ఆ మాటకి కాళ్ళూ చేతులూ మొలిచాయి. కడ్డీ సిగ్నల్ తాగడమే కాదట, పిట్టగోడ మీద వాలే పావురాల్ని కూడా తరిమేసిందట. టైలరమ్మ మిషన్ సూదులు ఊరికే విరుగుతున్నాయంటే దానికీ ఆ కడ్డీయే కారణమట.

అత్తగారు ఆ మాటని ఒలకకుండా ఇంటికి మోసుకొచ్చి, హాల్లో నేల మీద కూర్చుని తీగ చుడుతున్న కొడుకు ముందు కుమ్మరించింది.

"విన్నావురా? నీ కడ్డీ సిగ్నల్ తాగుతోందట."

"తాగడమేంటమ్మా? అదేమన్నా గేదా?"

"నన్నడుగుతావేం, వీధినడుగు. గేదైతే పాలైనా ఇచ్చేది."

ఆ కొడుకుని వీధిలో అందరూ గోడాయన అంటారు. అలాగని ఆయన తాపీమేస్త్రీ కాదు. క్లినిక్కులకీ, కొట్లకీ, ఒకటి రెండు బడులకీ ఇంటర్నెట్ తీగలు వేసి, అవి నడుస్తూ ఉండేట్టు చూసుకోవడం ఆయన పని. బయటినుంచి వచ్చే ఇంటర్నెట్‌కీ లోపలి కంప్యూటర్లకీ మధ్య ఫైర్‌వాల్ అని ఒక పెట్టె ఉంటుందనీ, వచ్చేపోయే ప్రతి ముక్కనీ అది గుమ్మంలో నిలబెట్టి ఎవరు నువ్వు, ఎందుకొచ్చావు అని అడుగుతుందనీ, ఒకసారి కిరాణా కొట్టు ముందు నిలబడి గంటసేపు వివరించాడు. విన్నవాళ్ళ చెవుల్లో చివరికి మిగిలింది గోడ ఒక్కటే. ఆ మర్నాడు పక్కసందులో ఉండే ఒకాయన ఇంటికొచ్చి, మా పెరటిగోడ ఒకవైపు ఒరిగింది, ఎప్పుడొచ్చి చూస్తారని అడిగాడు కూడా.

అలాంటి పెట్టె ఒకటి, మూతపడ్డ ఆఫీసులోంచి తెచ్చుకున్నది, ఆయన ఇంట్లో హాలు మూల బల్ల మీద ఉంది. ఇంటికి ఇంటర్నెట్ పంచేదీ అదే, కాపలా కాసేదీ అదే. దాని కడుపులో చిన్న ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. పగలనక రాత్రనక గురక పెడుతుంది. "మీ నాన్న పోయాక ఈ ఇంట్లో ఆ ఒక్క లోటే ఉండేది, అదీ తీర్చావు" అంటుంది అత్తగారు.

ఇక కోడలి పని మాటలది. డాక్టరుది ఒక భాష, రోగిది ఇంకో భాష అయినచోట, ఆవిడ ఇంట్లో లోపలి గదిలో తలుపేసుకుని, చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని, ఇటు మాట అటూ అటు మాట ఇటూ అందిస్తుంది. వెనకటికి రాజులకీ ఓడ వ్యాపారులకీ మధ్య దుబాసీలు చేసిన పనే. కాకపోతే ఈవిడకి తలపాగా లేదు. ఆ పనిలో మొదటి పాఠం, అన్నది చెప్పాలి, అననిది చెప్పకూడదు. కలపకూడదు, మింగకూడదు. ఆ అలవాటు మెల్లగా ఇంట్లోకీ పాకింది. తల్లీకొడుకులు మాటలు మానుకున్న పూట అత్తగారు కోడలివైపు తిరిగి, "అన్నం చల్లారిపోతోందని ఆ గాడిదకి చెప్పు" అనేది. కోడలు హాలు గుమ్మంలో నిలబడి, "గాడిదా, అన్నం చల్లారిపోతోంది" అని మక్కీకి మక్కీ అప్పజెప్పేది.

"కనీసం గారు అని చేర్చొచ్చుగా?"

"అత్తయ్య అనలేదండీ. నేను కలపకూడదు."

ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. కొన్నాళ్ళు చూస్తాం, మాట తప్పకుండా, లైను తెగకుండా చేస్తే ఉంచుకుంటాం అన్నారు. అంతకుముందు ఆవిడ ఒక కంపెనీలో ఫోనెత్తి, ఎవరో రాసిచ్చిన ముక్కలు రోజంతా చదివేది. అవతలివాడు ఏడ్చినా అవే ముక్కలు, తిట్టినా అవే ముక్కలు. ఇక్కడ అలా కాదు. ఆవిడ నోరు తెరిస్తేగాని ఒక మనిషి నొప్పి ఇంకో మనిషికి తెలియదు. ఇది పోతే మళ్ళీ ఆ రాసిచ్చిన ముక్కల దగ్గరికే పోవాలి. ఆ తలుపు మీద చెయ్యి వేయడం కూడా ఆవిడకి ఇష్టం లేదు.

మాట తప్పే మనిషి కాదు. వచ్చిన తంటా అల్లా లైనుతోనే. మురుగుకాలువ కోసం వీధి చివర తవ్వుతున్నారు. తవ్వే యంత్రానికి మట్టి ఏదో, తీగ ఏదో తేడా తెలియదు. ఒకరోజు ఒక ముసలాయనకి డాక్టరు పరీక్షల సంగతి చెబుతున్నాడు. కోడలు అందుకుని, "మీరు భయపడాల్సిందేమీ లేదు, కానీ" అన్నది. అక్కడ లైను తెగింది.

లైను మళ్ళీ వచ్చేసరికి చాలాసేపు పట్టింది. ఆ ముసలాయన అంతసేపూ 'కానీ' దగ్గరే కూర్చున్నాడు. కొడుకులకి ఫోన్లు చేయించాడు. ఇల్లు ఎవరికి, పొలం ఎవరికి అని పంపకాలు కూడా మొదలుపెట్టాడట. తీరా డాక్టరు చెప్పదలుచుకున్నది, కానీ ఉప్పు కొంచెం తగ్గించండి, అంతే.

ఆరోజు కోడలు గదిలోంచి బయటికొచ్చి మొగుడి ముందు నిలబడింది. "ఊళ్ళో అందరి లైన్లూ నిలబెడతారు. నా లైను నిలబెట్టలేరా?"

ఈ మాట గోడాయనకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మర్నాడే, తీగతో పనిలేకుండా ఫోన్ సిగ్నల్‌తో ఇంటర్నెట్ ఇచ్చే సెల్ మోడెం ఒకటి తెచ్చాడు. అరచేతిలో పట్టేంత ఉంది. అందులో సిమ్ వేసి ఫైర్‌వాల్ పెట్టె వీపున గుచ్చాడు. మొగుడూ పెళ్ళాల ఫోన్లు రెండూ ఒకే కంపెనీవి. ఆ కంపెనీకి ఆ వీధిలో సిగ్నల్ ఒక్క గీత వస్తే గొప్ప. ఎదురింట్లో టైలరమ్మ ఫోన్‌కి గీతలు నిండుగా ఉంటాయని కనిపెట్టి, ఆవిడ కంపెనీ సిమ్మే తెచ్చి వేశాడు. అయినా ఇంటి గోడలు మందం, లోపలికి సిగ్నల్ దిగదు. అందుకని డాబా మీద యాంటెనా కడ్డీ నిలబెట్టి, తీగని కిటికీ సందులోంచి లోపలికి దించాడు. అప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని పెట్టెకి బుద్ధులు చెప్పాడు. అసలు లైను ఉన్నంతసేపూ దాని మీదే నడువు. మధ్యమధ్యలో బయట దూరాన ఉన్న ఒక అడ్రసుని పలకరించు. జవాబు రాకపోతే మోడెం దారి పట్టు. అసలు లైను బాగుపడగానే బుద్ధిగా పాతదారికి వచ్చెయ్.

అంతా అయ్యాక భార్యనీ తల్లినీ పిలిచి, ఫోన్‌లో ఏదో వీడియో పెట్టి, పెట్టె వెనక ఉన్న నీలం తీగ పట్టుకుని ఒక్క పీకు పీకాడు. పచ్చదీపం ఆరింది. కాసేపటికి నారింజదీపం వెలిగింది. ఫోన్‌లో వీడియో ఆగకుండా నడుస్తూనే ఉంది.

"చూశారా! చీమకి కూడా తెలీదు!"

కోడలి మొహం విచ్చుకుంది. అత్తగారు మాత్రం, "చీమకి ఇంటర్నెట్ ఎందుకురా?" అన్నది.

ఇక్కడొక చిన్న కిటుకుంది. వీడియో కొంత ముందే తెచ్చి దాచుకుంటుంది కాబట్టి మధ్యలో అరనిమిషం దారి మూసుకున్నా దానికి పట్టదు. మనుషుల మాట అలా కాదు, దాచుకోవడానికి లేదు. పెట్టె ఒక దారినుంచి ఇంకో దారికి మారితే నడుస్తున్న కాల్ తెగుతుంది, మళ్ళీ కలుపుకోవాలి. పాతదారికి వచ్చేటప్పుడు ఇంకోసారి తెగుతుంది. గోడాయనకి ఇది తెలియదా అంటే తెలుసు. కొట్లలో బిల్లు మిషన్లకీ, గోడ మీది కెమెరాలకీ అరనిమిషం ఒక లెక్క కాదు. అవి ఎప్పుడూ నోరెత్తి అడగలేదు. అలా ఏళ్ళ తరబడి నోరులేని వాటితో కాపరం చేసి చేసి, అరనిమిషమే కదా అనుకోవడం ఆయనకి అలవాటైంది.

సరిగ్గా ఈ సంబరంలో ఉండగానే సిగ్నల్ తాగే మాట వచ్చి పడింది. వీధి మొత్తం మీద ఇంటర్నెట్ తెలిసినవాడు తనొక్కడే. అలాంటివాడు వీధి సిగ్నల్ దొంగ అయ్యాడు. గోడాయనకి అన్నం సయించలేదు.

"నేనెళ్ళి చెప్పొస్తాను" అని లేచాడు.

ఎదురింటి టైలరమ్మ కొట్టు వీధిలోకే ఉంటుంది. ఒక మిషన్, గుడ్డల బీరువా, మూల పరదా కట్టిన ట్రయల్ రూమ్. ఆయన వెళ్ళేసరికి ఆవిడ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఒక గౌను అంచు మడుస్తోంది. పక్కన గుండీల రేకు డబ్బా. అందులో, గుండీల మీద, ఆవిడ ఫోను పడుకుని ఉంది. నూలుదుమ్ము పడుతోందని ఈమధ్యే అందులో పెట్టి మూత వేయడం మొదలుపెట్టింది.

గోడాయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. "అక్కా! రేకు డబ్బాలో పెట్టి మూత వేస్తే సిగ్నల్ ఎలా వస్తుందక్కా!"

టైలరమ్మ సూదులు ఒక్కొక్కటే తీసి మెత్తకి గుచ్చి, తీరిగ్గా చెప్పింది. "ఈ డబ్బా మా అమ్మనాటిది తమ్ముడూ. నీ కడ్డీ మొన్నటిది. కొత్తగా వచ్చినదాన్ని వదిలేసి పాతదాన్ని అంటావేం?"

"కడ్డీ తాగదక్కా. అసలు లైను ఉన్నంతసేపూ అది పడుకునే ఉంటుంది."

"పడుకుందో లేచిందో నేనొచ్చి చూశానా?"

"అయితే రా. చూపిస్తాను."

ఆ రాకడతో మొదలైంది కథ. అత్తగారు కుర్చీ వేసింది. టైలరమ్మ కూర్చుంది. గోడాయన పెట్టె ముందు నిలబడి దీపాలు చూపించాడు. ఇదిగో ఈ పచ్చది అసలు లైను, ఈ నారింజది మోడెం, చూడు, ఆరిపోయి ఉంది, నిద్రపోతోంది. ఇప్పుడు చూడు అని నీలం తీగ పీకాడు. నారింజదీపం వెలిగింది. తీగ మళ్ళీ గుచ్చాడు. పచ్చదీపం వచ్చింది, నారింజది ఆరింది.

"బాగుంది" అన్నది టైలరమ్మ. "ఇంకోసారి పీకు."

ఇంకోసారి పీకాడు.

ఆవిడ వెళ్ళిన కాసేపటికి లోపలి గది తలుపు తెరుచుకుంది. కోడలు చెమట తుడుచుకుంటూ వచ్చింది. "ఏవండీ, లైను పోయింది! పోయి, వచ్చి, మళ్ళీ పోయి, మళ్ళీ వచ్చింది. కాల్ మళ్ళీమళ్ళీ కలుపుకోవాల్సొచ్చింది. మొన్నటిలా అయితే ఈపాటికి నా పని అయిపోయేది. మీ మోడెమే కాపాడిందండీ నన్ను!"

గోడాయన నోరు తెరిచాడు. చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. కోడలు అప్పటికే వంటింట్లోకి వెళ్ళి ఆయన కోసం టీ పెడుతోంది. అంత ప్రేమగా పెట్టిన టీ కొన్నాళ్ళుగా తాగలేదాయన. తెరిచిన నోటితో ఆ టీయే తాగాడు. అత్తగారు తన గ్లాసు అంచు మీదుగా కొడుకుని చూసింది. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటే తర్వాతెప్పుడో అనడానికి దాచుకుందని అర్థం.

టైలరమ్మ చూసొచ్చిన వింత కిరాణా కొట్టుకి చేరింది. కొట్టాయన భార్యతో వచ్చాడు. ఆ తర్వాత బడి ఉద్యోగం మానేసిన డ్రాయింగ్ మాస్టారు. పెరటిగోడ ఒరిగినాయన కూడా వచ్చి, ఇదేనా ఆ గోడ అని పెట్టెని నాలుగువైపులా చూసి వెళ్ళాడు. వచ్చినవాళ్ళందరికీ గోడాయన అదే మాట అదే వరసలో చెప్పేవాడు. చివరికొచ్చేసరికి ఎవరో ఒకరు, "ఏదీ, పీకు చూద్దాం" అనేవారు. ఆ మాట వింటే ఆయన చెయ్యి ఆగదు. అత్తగారు కుర్చీలు వేసేది, మంచినీళ్ళిచ్చేది, వాళ్ళు లేచి వెళ్ళాక కుర్చీలు తీసేది. "టిక్కెట్టు పెడదామా?" అని ఒకసారి అడిగింది కూడా.

లోపలినుంచి కోడలు వచ్చినప్పుడల్లా మోడెంని పొగిడేది. పొగిడిన కొద్దీ గోడాయనకి చెప్పడం కష్టమైపోయింది. మొదటిరోజు చెప్పేస్తే అది పొరపాటు. ఇన్నాళ్ళ తర్వాత చెబితే దాన్ని ఏమంటారో ఆయనకి తెలుసు.

అలా ఉండగా ఒకరోజు ఆవిడ బయటికొచ్చి టీ పెట్టలేదు. మోడెంని పొగడలేదు. కుర్చీలో కూర్చుని చెవులకి హెడ్‌సెట్ కూడా తీయకుండా గోడకేసి చూస్తోంది.

"ఏమైందే పిల్లా?" అన్నది అత్తగారు.

"సూపర్‌వైజర్ ఫోన్ చేసిందత్తయ్యా. మోడెం పెట్టాక నా లైను మునుపటికంటే ఎక్కువ తెగుతోందట. రేపు పరీక్ష చేసే మనిషి నా కాల్‌లో కూర్చుని వింటుందట. తెగినా, మళ్ళీ కలుపుకోవడం ఆలస్యమైనా ఇంక పని లేదన్నారు." అని మొగుడివైపు తిరిగింది. "మీరు చేయగలిగింది మీరు చేశారు. లైను వాళ్ళదే దరిద్రం. మీ మోడెమే లేకపోతే నా ఉద్యోగం ఎప్పుడో పోయేది."

టైలరమ్మ దగ్గరున్న సూదులన్నీ తెచ్చి ఒక్కసారి గుచ్చినా గోడాయనకి అంత నొప్పి పుట్టి ఉండదు. రేపు తీగ ముట్టుకోకూడదు, అంతే, అనుకున్నాడు. అనుకోవడం అనుకున్నాడుగానీ తన చెయ్యి సంగతి తనకి తెలుసు. ఎవరో ఒకరు వస్తారు. ఏదీ పీకు అంటారు. ఈ చెయ్యి లేస్తుంది. బాగా ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. మోడెం ఉంటేనే కదా ఆట. ఆట ఉంటేనే కదా పీకడం. పొద్దున్నే ఆయన పెట్టె వీపున ఉన్న మోడెం ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. తీగ జోలికి ఎవరూ రాకుండా పెట్టె పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు.

నవ్వొస్తుందిగానీ ఆయన లెక్క ఆయనకుంది. మోడెం పెట్టిన తర్వాత లైను దానంతటది ఒక్కసారి కూడా తెగలేదు. తెగినప్పుడల్లా తెంపింది ఆయనే. అందుకని, తను ముట్టుకోకపోతే లోకంలో లైన్లు తెగవని ఎక్కడో లోపల నమ్మేశాడు.

లోపలి గది తలుపు మూసుకుంది. పరీక్ష మొదలైంది. ఎవరు రాకూడదని దణ్ణాలు పెట్టుకున్నాడో వాళ్ళే వచ్చారు. టైలరమ్మ తన చెల్లెల్ని వెంటబెట్టుకుని, చేతిలో ఫోనుతో గుమ్మంలో నిలబడింది.

"పిన్నిగారూ, మా చెల్లెలు ఊరినుంచొచ్చింది. దీపాల ఆట చూస్తానంటోంది. తమ్ముడూ, ఒక్కసారి పీకు."

"ఇవాళ కాదక్కా."

"ఒక్కసారే."

"కాదంటున్నానుగా."

"ఏం, ఇవాళ బాగా తాగి నిద్రపోతోందా కడ్డీ?"

చెల్లెలు కిసుక్కుమంది. గోడాయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. "అక్కా, మా ఆవిడ ఉద్యోగం ఇవాళ తేలిపోతుంది. దండం పెడతాను, నెమ్మదిగా మాట్లాడు."

టైలరమ్మ వెంటనే గొంతు తగ్గించింది. "ముందే చెప్పొచ్చుగా. నేనేమన్నా పరాయిదాన్నా?" అని చెల్లెలి చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగింది కూడా. అప్పుడే వీధి చివరినుంచి యంత్రం గరగరలాడిన చప్పుడు, వెంటనే ఎవరో "ఆపు, ఆపు" అని అరిచిన కేక వినపడ్డాయి.

పచ్చదీపం ఆరింది.

నారింజదీపం వెలగలేదు. వెలగాల్సింది జేబులో ఉంది మరి.

గోడాయన జేబులో చెయ్యి పెట్టాడు. మోడెం అడ్డం తిరిగి జేబు మూలలో ఇరుక్కుంది. బయటికి లాగి, పెట్టె వీపున పెట్టబోయి, తలకిందులుగా పెట్టి, తిప్పి పెట్టాడు. పెట్టినా ఏం లాభం? అది కళ్ళు తెరవాలి, సిమ్‌ని పలకరించాలి, టవర్ని వెతుక్కోవాలి. పొద్దున్నుంచీ నిద్రపోయినవాడిని లేపినట్టు దానికి తీరిక ఎక్కువ. దీపం ఒకటి మిణుకుమిణుకుమంటోంది. అంతకు మించి ఏమీ లేదు.

దడాల్న తలుపు తెరుచుకుంది. "మళ్ళీ 'కానీ' దగ్గరే తెగిందండీ! పేషెంటు ఆవిడ అక్కడే కూర్చుని ఉంది! మోడెం రాలేదేం?"

కోడలు చెప్పకూడని సంగతి మనం చెప్పుకుందాం. డాక్టరు ఒక నడివయసు ఆవిడతో, గడ్డ ఉంది, కానీ భయపడాల్సింది కాదు అంటున్నాడు. కోడలు "గడ్డ ఉంది, కానీ" దాకా అందించింది. వెనకటి ముసలాయనకైనా మంచిమాట ముందు చేరింది. ఈవిడకి చెడుమాట మాత్రమే చేరింది.

"ఏవండీ, అడుగుతున్నాను! మోడెం ఏమైంది?"

గోడాయన పెట్టె వెనక్కి వంగి తీగలు సర్దడం మొదలుపెట్టాడు. అత్తగారు దాచుకున్నది బయటికి తీసింది. "ఇందాకటిదాకా వాడి జేబులో ఉందే."

"జేబులోనా!"

"ఆ గొడవ తర్వాత చూసుకోండి" అన్నది టైలరమ్మ. చేతిలో ఫోను చూసుకుంది. "నాకు గీతలున్నాయి. రా పిల్లా!"

కోడలు ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని, హెడ్‌సెట్ మెళ్ళో వేలాడుతుండగా, చెప్పుల్లేకుండా వీధి దాటి పరిగెత్తింది. వెనకాలే టైలరమ్మ, ఆవిడ చెల్లెలు, ఆ వెనక గోడాయన. వీధిలో చూసినవాళ్ళు ఎక్కడో నిప్పంటుకుందనుకున్నారు. టైలరమ్మ ట్రయల్ రూమ్ పరదా ఎత్తి, లోపలున్న స్టూలు మీది గుడ్డలు నేల మీదికి తోసి, "కూచో" అన్నది. గోడాయన ఆవిడ ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి, ల్యాప్‌టాప్‌కి కలిపి ఇచ్చాడు. ఆ పని మాత్రం ఒక్క తప్పు లేకుండా చేశాడు.

పరదా లోపలినుంచి కోడలి గొంతు వినపడింది. పరుగు ఆయాసం అందులో ఎక్కడా లేదు. "క్షమించండి, లైను తెగింది. నేను ఆపిన మాట ఇది. కానీ..."

టైలరమ్మ చటుక్కున వెనక్కి తిరిగింది. చెల్లెల్నీ గోడాయననీ రెండు చేతులతో మెట్ల మీదికి నెట్టి, తనూ బయటికొచ్చి షట్టర్ సగం దించేసింది. "నడవండి అవతలికి. ఒకరి జబ్బు సంగతి మనం వినకూడదు." వీధిలో ప్రతి మాటకీ పుట్టిల్లు లాంటి మనిషి, చెవికి అందినదాన్ని వద్దనుకుని మొదటిసారి ఎండలో నిలబడింది. చెల్లెలు పరదావైపు మెడ చాపబోతే నెత్తిన ఒక మొట్టికాయ కూడా వేసింది.

అత్తగారు నెమ్మదిగా నడుచుకుంటూ వీధి దాటి, కోడలి చెప్పులు తెచ్చి మెట్టు కింద పెట్టింది. అందరూ షట్టర్ వైపు చూస్తూ నిలబడ్డారు. గోడాయన మాత్రం తన చేతులు చూసుకుంటున్నాడు.

షట్టర్ కిందినుంచి వంగి కోడలు బయటికొచ్చేసరికి ఆవిడ బుగ్గ మీద హెడ్‌సెట్ అచ్చు పడి ఉంది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఖాయం చేశారు" అన్నది.

"ఏమన్నారే?" అత్తగారు.

"లైను ఎవరికైనా తెగుతుంది, ఇంత తొందరగా వచ్చి ఆగిన మాట దగ్గరే అందుకున్నావు, అదే చూస్తాం అన్నారు. తర్వాత, లైను పోతే మీ బ్యాకప్ ఏమిటమ్మా, కాయితం మీద రాసుకోవాలి అని అడిగారు."

గోడాయన మొహంలో చిన్న ఆశ మొలిచింది. "ఏం చెప్పావు?"

"మా ఎదురింటి టైలరమ్మ అని చెప్పాను. ఉన్నది చెప్పాలి కదండీ. కలపకూడదు, మింగకూడదు."

టైలరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది, చెమటో మరేదో. కోడలు చెప్పులు తొడుక్కుని మొగుడి ఎదురుగా నిలబడింది. "ఇప్పుడు జేబు సంగతి చెప్పండి."

ఆయన గొంతు సవరించుకునేలోపు అత్తగారే అందుకుంది. "ఇన్నాళ్ళూ లైను తెంపింది లైనువాళ్ళు కాదే. వచ్చినవాళ్ళకి దీపాలు చూపించడానికి వీడే పీకాడు. కుర్చీలు నేనే వేశాను, అదీ దాచను. ఇవాళ మళ్ళీ పీకుతానేమోనని భయపడి దాన్ని జేబులో దాచుకున్నాడు."

కోడలు మొగుడిని పైనుంచి కిందిదాకా చూసింది. నవ్వు ఆపుకుంటోందో, ఇంకేదన్నా ఆపుకుంటోందో ఎవరికీ తెలియలేదు. అత్తగారివైపు తిరిగింది. "అత్తయ్యా, ఇవాళ్టినుంచి టీ వారే పెట్టుకోవాలని చెప్పండి. నాక్కూడా."

అత్తగారు ఒక్క అడుగు దూరంలో ఉన్న కొడుకువైపు తిరిగి గట్టిగా చెప్పింది. "గాడిదా, ఇవాళ్టినుంచి టీ నువ్వే పెట్టాలట. ఆవిడకి కూడా."

"గాడిద అని ఆవిడ అనలేదుగా!"

"నేనింకా ఆ పాఠం చదువుకోలేదురా."

చెల్లెలు పగలబడి నవ్వింది. కోడలికీ నవ్వొచ్చేసింది. ఆ నవ్వు చూశాక గోడాయనకి కాస్త ప్రాణం కుదుటపడింది. ప్రాణం కుదుటపడితే ఊరుకోవచ్చు కదా. పోయిన పరువులో ఒక ముక్కైనా వెనక్కి తెచ్చుకోవాలనిపించింది. టైలరమ్మ చేతిలో ఫోను చూపిస్తూ, "అంతా నాదే తప్పక్కా, ఒప్పుకుంటాను. ఒక్కటి మాత్రం నువ్వూ ఒప్పుకో. కడ్డీ ఎవరి సిగ్నలూ తాగదు. నువ్వు ఫోను ఆ రేకు డబ్బాలోంచి బయటికి తీశావు గనకే ఇవాళ గీతలు నిండాయి" అన్నాడు.

టైలరమ్మ ఫోను చూసింది, ఎదుటి డాబా మీది కడ్డీని చూసింది, తర్వాత గోడాయన చొక్కా జేబు చూసింది.

"ఆ కడ్డీ తాలూకు మోడెం నీ జేబులో పడున్న పూటే గదా తమ్ముడూ, నా ఫోన్లో గీతలు నిండిందీ, నీ పెళ్ళాం ఉద్యోగం నిలబడిందీ?"